అట్రాక్టా వద్దన్న గది

ఐర్లండ్‌లో మా పడమటి తీరపు చరిత్రను ఎవరైనా నిజాయితీగా రాయదలచుకుంటే, యుద్ధాలకు ఒక అధ్యాయం, స్వాతంత్ర్యానికి ఒక అధ్యాయం కేటాయించి, మిగిలిన సంపుటాలన్నీ "అబ్బే, వద్దు" అనే మాటకు వదిలిపెట్టవలసి ఉంటుంది. గాల్వేలో ఒక మనిషికి ఏదైనా ఇవ్వజూపితే మొదటిసారి వద్దంటాడు. అది ఎదుటివాడి మర్యాద కోసం. రెండోసారి అడిగితే మళ్లీ వద్దంటాడు. అది తనను పెంచిన తల్లి పరువు కోసం. మూడోసారి అడిగితే, "ఇంతగా బలవంతపెడుతున్నావు గనక" అని మూలుగుతూ తీసుకుంటాడు. అది తన కోసం. కప్పు టీ నుంచి పెళ్లి ప్రస్తావన దాకా ఇదే విధానం. మా వీధిలో ఒక జంట పెళ్లి కాకుండానే, ఎదురెదురు ఇళ్లలో ముసలివాళ్లయిపోయారు. ఆయన రెండుసార్లు అడిగి ఆగిపోవడం తప్ప వేరే కారణమేమీ లేదు.

ఈ ఆచారం ఎప్పుడు మొదలైందో చెప్పే శాసనం ఒక్కటీ దొరకలేదు. రాతి మీద చెక్కమని అడిగితే శిల్పి వద్దని ఉంటాడు. అడిగినవాళ్లకు మళ్లీ అడిగే ఓపిక లేకపోయి ఉంటుంది.

అట్రాక్టా మల్కెరిన్ ఈ ధర్మశాస్త్రంలో దిట్ట. డొమినిక్ వీధి వెనక సందులో ఉన్న "మూడు గొడుగులు" అనే చౌక హాస్టల్లో పంతొమ్మిదేళ్లుగా పక్కలు వేసే పని ఆమెది. ఆ పేరు పెట్టినవాడు ఈ ఊరి గాలిని ఎరగనివాడై ఉండాలి, లేదా బాగా ఎరిగిన కొంటెవాడై ఉండాలి. ఇక్కడ గొడుగు తెరిచేవాడు యాత్రికుడు, మూసేవాడు అనుభవజ్ఞుడు, చెత్తబుట్టలో పారేసేవాడు స్థానికుడు.

హాస్టల్లో తొమ్మిది గదులు, అరవై నాలుగు బంకు మంచాలు. మనిషి వదిలి వెళ్లిన దుప్పటి చూసి అట్రాక్టా అతని దేశం చెప్పగలదు. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి దిండు మీద ఉంచితే జపాన్. దుప్పటి, దిండు, పరుపు మూడూ నేల మీద ఉంటే డబ్లిన్. గురక పెట్టేవాళ్ల మీద ఆమెకు ప్రత్యేక శ్రద్ధ. మొదటి రోజే కనిపెట్టి, రెండో రోజు ఏదో వంక పెట్టి అందరినీ నాలుగో నంబరు గదిలోకి చేర్చేది. ఆ గదిని అక్కడ పనిచేసే మేమంతా పార్లమెంటు అనేవాళ్లం. అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరిదీ ఎవరికీ వినపడదు, పొద్దున్నే అందరూ తృప్తిగా లేస్తారు.

పోయిన వస్తువుల పెట్టె పక్కన ఒక సెయింట్ ఆంటొనీ బొమ్మ ఉండేది. పోయినవి వెతికిపెట్టడం ఆయన ఉద్యోగం. ఎవరైనా ఫోను ఛార్జరో ఒంటి బూటో పోగొట్టుకుంటే, దొరికేదాకా అట్రాక్టా ఆయన ముఖాన్ని గోడకేసి తిప్పి నిలబెట్టేది. మూడు రోజులైనా దొరక్కపోతే, "నీ ముందు పెట్టిన కొవ్వొత్తులన్నీ దండగ" అని పైకే అనేది. ఆయన ముందు ఎవరూ కొవ్వొత్తి పెట్టగా మేము చూడలేదు.

ఇక సముద్రం. ఏడాది పొడవునా, వానొచ్చినా వడగళ్లొచ్చినా, పొద్దున్న ఎనిమిదింటికి సాల్ట్‌హిల్ దగ్గర నీళ్లలో దిగి, తొమ్మిదింటికి తడిజుట్టుతో పనిలోకి వచ్చేది. జనవరిలో నీళ్లెలా ఉన్నాయని అడిగితే, నీలంగా మారిన పెదవులతో "హాయిగా ఉన్నాయి" అనేది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. మొగుడు లేడు, పిల్లి లేదు, కారు లేదు. ఆ ఈత మాత్రం ఉంది.

ఆ ఆగస్టులో, ఊళ్లోనే క్లాడా పేటలో ఆమె పదిహేడేళ్లుగా అద్దెకున్న ఇంటి యజమానురాలు పోయింది. పిల్లలు ఇల్లు అమ్మకానికి పెట్టారు. సెప్టెంబరు ఆఖరుకు మేడమీద గది ఖాళీ చెయ్యమని చాలా మర్యాదగా చెప్పారు. గాల్వేలో అద్దెగది దొరకడమంటే సెయింట్ ఆంటొనీ కూడా చేతులెత్తేసే వ్యవహారం. ఒక్క గది ఖాళీ అయిందంటే తొంభై మంది వరుస కడతారు, అందులో సగం మంది డాక్టరుకు చదివేవాళ్లు. అట్రాక్టా మూడు వరుసల్లో నిలబడింది. మూడుచోట్లా వయసు అడిగి నవ్వి పంపేశారు.

అప్పుడు అక్క కాన్సెప్టా ఫోను చేసింది. ఆమె ఉండేది క్లేర్‌మోరిస్‌లో. అది మంచి ఊరే. చర్చి ఉంది, రైలు స్టేషనుంది, సముద్రం లేదు. ఫోను రిసెప్షన్‌లోనే ఉంటుంది, రిసెప్షన్‌లో ఉండేది నేను, అందువల్ల ఆ సంభాషణ వినకుండా ఉండే అవకాశం నాకు లేకపోయింది.

"వచ్చెయ్యవే, అమ్మ ఫొటో ఉన్న గది నీకిచ్చేస్తా," అంది కాన్సెప్టా. ఆమె గొంతు ఫోను బయటికి కూడా వినిపిస్తుంది.

"అబ్బే, నీకెందుకే ఆ శ్రమ."

"శ్రమేముంది, నువ్వు రా."

"వద్దులేవే, నేనేదో చూసుకుంటా."

"మాట్లాడకుండా రావే. ఏడింటికి జపమాల, ఎనిమిదింటికి టీవీ. తడి బట్టలు మాత్రం గుమ్మం లోపలికి తేకు. ఈతంటావా, ఇక్కడ ఈతకొలను ఉంది."

"కొలనుకి ఆటుపోట్లుండవు కదే."

"ఆటుపోట్లెందుకే నీకు, చేపవా?"

అట్రాక్టా ఫోను పెట్టేసి ముఖం తుడుచుకుంది. కాన్సెప్టా మూడుసార్లు అడిగింది. మా ధర్మం ప్రకారం మూడోసారి తర్వాత వద్దనడానికి మనిషికి హక్కు లేదు. సెప్టెంబరు ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం రెండింటి బస్సు ఖాయమైపోయింది. బస్సుతోపాటు ఉద్యోగం కూడా పోతుంది.

సరిగ్గా ఆ వారంలోనే యోస్ట్ రంగప్రవేశం చేశాడు. హాస్టల్ యజమాని హెరటీ గారికి మోకాళ్లు పోయాయి. ఆయన కూతురు రోటర్‌డామ్‌లో చదువుకుని, చదువుతోపాటు ఒక డచ్చి మొగుణ్ణి కూడా తెచ్చుకుంది. ఆ అల్లుడే మా కొత్త మేనేజరు. ఆరున్నర అడుగుల మనిషి. గుమ్మాల కింద తల వంచుకుని నడుస్తుంటే చూసేవాళ్లకు వినయంగా కనపడేవాడు. నిజానికి చాలా మంచివాడు. లోపమల్లా ఒకటే. వాళ్ల దేశంలో వద్దు అంటే వద్దనే అర్థమట. మాటకు ఒకే అర్థం ఉన్నచోట జనానికి బోలెడు తీరిక మిగులుతుంది. ఆ తీరికలోనే వాళ్లు సముద్రాన్ని వెనక్కి నెట్టి పొలాలు చేసుకుని ఉంటారు.

అట్రాక్టా వెళ్లిపోతోందని తెలిసి, మర్నాడు పొద్దున్నే యోస్ట్ దుప్పట్ల గదిలోకి వెళ్లాడు. నేను తువ్వాళ్లు లెక్కబెడుతున్నాను.

"అట్రాక్టా, పై అంతస్తులో చిన్న గది ఒకటి ఖాళీగా ఉంది. మీరు అందులో ఉండొచ్చు. అద్దె అక్కర్లేదు. ఉంటారా?"

అట్రాక్టా చేతిలోని దిండుగలీబు ఆగిపోయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆమె మనసులో ఏం జరుగుతోందో నాకు స్పష్టంగా తెలుసు. ఊరు, ఉద్యోగం, సముద్రం, మూడూ ఒక్క వాక్యంలో తిరిగి వచ్చేశాయి.

"అబ్బే, వద్దు నాయనా," అంది. "నాకెందుకు, నాకేం లోటు లేదు."

"సరే," అన్నాడు యోస్ట్. తల వంచుకుని గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

అట్రాక్టా ఆ గుమ్మం వైపు చాలాసేపు చూసింది. ఆమె దగ్గర ఇంకో వద్దు సిద్ధంగా ఉంది, దాని వెనకే ఒక సరే కూడా ఉంది. అడిగేవాడే లేడు.

"మధ్యాహ్నానికి మళ్లీ అడుగుతాడు," అంది నాతో. "పనిలో ఉన్నాడు పాపం."

మధ్యాహ్నం యోస్ట్ వచ్చి బల్బులెక్కడున్నాయని అడిగాడు. సాయంత్రం వచ్చి చీపుళ్లు సరిపోతున్నాయా అన్నాడు. ఆ వారమంతా అట్రాక్టా అడగడానికి వీలైన చోట్లలో మాత్రమే నిలబడింది. మెట్ల మలుపులో, ఆఫీసు గది ఎదుట, అవసరం లేకపోయినా అతని కుర్చీ పక్కన దుమ్ము దులుపుతూ. బుధవారం నాడు ఒక గంటసేపు ఆ పైగది తలుపు గొళ్లేనికే పాలిష్ పెట్టింది. యోస్ట్ అటుగా వచ్చి, "చాలా మెరుస్తోంది, థ్యాంక్యూ," అని దిగిపోయాడు.

గురువారం ఆ గది వాల్దీర్‌కి ఇవ్వజూపాడు. వాల్దీర్ మా దగ్గర పొద్దుటి ఫలహారం చూసేవాడు. బ్రెజిల్ నుంచి గోర్ట్‌లోని మాంసం ఫ్యాక్టరీకి వచ్చి, పదమూడేళ్లుగా ఈ మనుషుల మధ్య ఉండి, ఓట్స్ జావ కాచడంతోపాటు మిగతా అలవాట్లు కూడా నేర్చుకున్నాడు. "ఛ ఛ, నాకెందుకండీ," అన్నాడు. ఆ గది అట్రాక్టాదని అతనికి తెలుసు. తెలియకపోయినా అదే అనేవాడు.

యోస్ట్ నా దగ్గరికొచ్చి ఆశ్చర్యపోయాడు. "ఈ ఊళ్లో గదుల్లేవని పేపర్లో రోజూ రాస్తున్నారు. ఉచితంగా ఇస్తానంటే ఇద్దరు వద్దన్నారు. పేపర్లు ఇన్ని అబద్ధాలు రాస్తాయా?"

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. పై అంతస్తు గది, అక్టోబరు ఒకటి నుంచి, అతిథుల సైకిళ్లకు.

మర్నాడు వంటింట్లో సభ జరిగింది. వాల్దీర్ రొట్టెలు కాలుస్తున్నాడు, అట్రాక్టా వాటికి అక్కర్లేనంత వెన్న రాస్తోంది.

"వెళ్లి ఆ గది నీకు కావాలని చెప్పు," అన్నాడు వాల్దీర్.

"నేనా? నా నోటితోనా?"

"పోనీ నేను చెప్పనా?"

"నువ్వు చెప్తే నేను పంపినట్టుంటుంది."

"నువ్వేగా పంపేది."

"అందుకేగా వద్దంటున్నా."

"అయితే క్లేర్‌మోరిస్ వెళ్లి జపమాల తిప్పుకో తల్లీ."

"తిప్పుకుంటా. అడుక్కుని బతికిందనిపించుకునేకంటే అదే నయం. మా అమ్మ ఆస్పత్రి మంచం మీద కూడా మంచినీళ్లు రెండుసార్లు వద్దంది తెలుసా?"

"తెలుసు. నర్సు మూడోసారి అడిగిందా?"

అట్రాక్టా రొట్టె మీద ఇంకో పొర వెన్న రాసింది.

చివరికి సూటిగా కాకుండా చెప్పాలని తీర్మానమైంది. ఇందులో మా ఊరివాళ్లను మించినవాళ్లు లేరు గనక, విజయం మీద ఎవరికీ అనుమానం లేకపోయింది. ముందు వాల్దీర్ జావ వడ్డిస్తూ, "ఆ గది సైకిళ్లకి మరీ ఎక్కువేమో," అన్నాడు. "మంచి సైకిలుకి మంచి గది ఉండాలి," అన్నాడు యోస్ట్, మంచి సైకిళ్ల దేశంవాడు. తర్వాత అట్రాక్టా మెట్ల దగ్గర ఎదురుపడి, "మూడంతస్తులు సైకిలు మోసుకెళ్లాలంటే పాపం అతిథులకి నడుములు విరుగుతాయి నాయనా," అంది.

యోస్ట్ ఆగి, గెడ్డం నిమురుకుని, ఆమెను మెచ్చుకోలుగా చూశాడు. "నిజమే. మా ఊళ్లో ప్రతి ఇంటి చూరుకీ ఒక కొక్కెం ఉంటుంది. బీరువాలూ పియానోలూ తాడు కట్టి బయటి నుంచే పైకి లాగుతాం. ఇక్కడా ఒకటి పెట్టిద్దాం. మంచి మాట చెప్పారు."

ఆ సాయంత్రమే కొక్కెం తెప్పించమని కబురు పెట్టాడు. సైకిళ్లు గాల్లోకి లేచి తన గదిలో దిగే ఏర్పాటును అట్రాక్టా తన చేతులారా చేసుకుంది.

నేనూ ఒక ప్రయత్నం చేశాను. "అట్రాక్టా వెళ్లిపోవడం చాలా విచారంగా ఉంది," అన్నాను యోస్ట్‌తో.

"నాకూ విచారంగానే ఉంది. అందుకే గది ఇస్తానన్నాను. వద్దంది. మనం ఆమె నిర్ణయాన్ని గౌరవించాలి."

ఆ క్షణంలో అసలు సంగతి చెప్పేసి ఉండవచ్చు. కాని ఒకరికి ఫలానాది కావాలని వాళ్ల తరఫున బాహాటంగా అడగడమంటే, మా దగ్గర అది వాళ్ల పళ్లు మనం తోమినంత అసభ్యంగా ఉంటుంది. "అవును, గౌరవించాలి," అన్నాను. నన్ను నేను గౌరవించుకోవడం ఆ రోజు కొంచెం తగ్గింది.

ఇక అట్రాక్టా సంతోషంగా ఉండటం మొదలుపెట్టింది. అది చూడటం మహా కష్టంగా ఉండేది. క్లేర్‌మోరిస్‌లో గాలి తక్కువని, మోకాళ్లకి మంచిదని, అమ్మ ఫొటో చూస్తూ నిద్రపోవచ్చని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది. విన్నవాళ్లందరూ "ఎంత బావుంటుందో" అన్నారు. ఒక్కరూ నమ్మలేదు. ఆ ఆఖరి వారంలో ఆమె ఈతకు రోజుకు రెండుసార్లు వెళ్లింది. నీళ్లెలా ఉన్నాయంటే ఒకరోజు, "ఉన్నాయి," అని మాత్రం అంది.

బస్సు ఖాయమైన శుక్రవారం వచ్చింది. ఆయిస్టర్ల పండగ వారాంతం. ఊరంతా తినే ఆల్చిప్పలు, నల్లబీరు, వీధి సంగీతం. పదకొండింటికి లాంగ్‌ఫర్డ్ నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్లు, పెళ్లికూతురి స్నేహితురాళ్లట, గులాబీరంగు మేలిముసుగులు వేసుకుని రిసెప్షన్‌లో దిగబడ్డారు. వాళ్ల పెట్టెల మధ్య అట్రాక్టా తన రెండు పెట్టెలతో నిలబడి తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టింది. యోస్ట్ ఒక ఫారం తీశాడు. వాళ్ల దేశంలో ఉద్యోగం వదిలేసేవాళ్లకి ఫారం ఉంటుందట.

"కొత్త చిరునామా?"

అట్రాక్టా చెప్పింది.

"వెళ్లడానికి కారణం?"

"వ్యక్తిగతం అని రాసుకో నాయనా."

యోస్ట్ కలం పక్కన పెట్టాడు. "అలా రాస్తే నాకు కారణం తెలియనట్టే. ఇక్కడ పని నచ్చలేదా?"

"నచ్చకేం."

"ఊరు నచ్చలేదా?"

"అయ్యో, ఊరికేం."

"మరి మీకు వెళ్లాలని ఉందా?"

ఇంత నగ్నమైన ప్రశ్న ఆమెను ఎవరూ ఏనాడూ అడిగి ఉండరు. మేలిముసుగుల గుంపు మాటలాపి ఇటు తిరిగింది. వాల్దీర్ వంటింటి గుమ్మంలో చేతిలో గరిటెతో ఆగిపోయాడు. అట్రాక్టా బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుంది. డిసెంబరులో నీళ్లలోకి దిగేముందు రాయిని అలా పట్టుకునేది.

"లేదు," అంది.

"ఓహో."

"నాకు పైగది కావాలి." గొంతు కొంచెం ఎక్కువే లేచింది. "సైకిళ్లకి వద్దు. నాకు కావాలి. నేను ఇక్కడే ఉంటా."

ఐరిష్ గణతంత్రం ఏర్పడ్డాక మా తీరంలో ఇంత తెగింపుగా మాట్లాడిన మనిషి లేదని నా అభిప్రాయం. మేలిముసుగుల్లో ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుని, "ఉన్నపళంగా ముఖం మీదే అడిగేసిందే," అని పక్కావిడతో గొణిగింది.

"సరే," అన్నాడు యోస్ట్. ఫారం రెండుగా చింపి బుట్టలో వేశాడు. "సైకిళ్లు కింద సందులో పెడదాం. కాని మీరు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు."

"అడిగాను. దుప్పట్ల గదిలో."

"ఒక్కసారే అడిగావు."

యోస్ట్ మా అందరి ముఖాలూ చూశాడు. ఆటపట్టిస్తున్నామేమో అనుకున్నాడు. "ఎన్నిసార్లు అడగాలి?"

"మూడు," అన్నారు లాంగ్‌ఫర్డ్ ఆడవాళ్లు పద్నాలుగు మందీ, ఒక్క గొంతుతో.

యోస్ట్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి అందులో ఏదో రాసుకున్నాడు.

అట్రాక్టా అక్కకు ఫోను చేసింది. ఈసారి కూడా నాకు వినక తప్పలేదు.

"నోరు తెరిచి అడిగావా?" అంది కాన్సెప్టా. "వాడు రెండోసారి అడక్కుండానే?"

"అవునే."

"పరాయివాళ్ల ముందా?"

"పద్నాలుగు మంది ముందు."

"అమ్మ ఫొటోకి కొత్త అద్దం వేయించానే," అంది కాన్సెప్టా, చిన్న గొంతుతో. "సర్లే. ఆదివారాలు నేనే వస్తా. నన్ను మాత్రం నీళ్లలో దిగమనకు."

"దిగవే ఒకసారి."

"అబ్బే, నాకెందుకే."

"దిగవే అంటుంటే."

ఆ సంభాషణ ఇంకాస్త సాగింది.

ఊరు ఈ సంఘటనను రెండు వారాలు చర్చించింది. చేపల దుకాణంలో ఒక వర్గం దీన్ని ధైర్యమన్నది, ఇంకో వర్గం డచ్చి ప్రభావమన్నది. ఇకమీదట ఎవరికి ఏది కావాలంటే అది అడిగేస్తారని, అప్పుడిక మనుషులు మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుందని ఒక రిటైరైన బడిపంతులు ఆందోళన చెందాడు. పండగ వారాంతం గడిచిన సోమవారం మాత్రం అట్రాక్టా ఎప్పటిలాగే ఎనిమిదింటికి సాల్ట్‌హిల్ వెళ్లింది. నీళ్లు హాయిగా ఉన్నాయని చెప్పింది. ఆ తర్వాత రెండు పెట్టెలూ పైకి మోసుకుపోయింది.

గది పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఏడు. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ కనపడుతుంది.